నలుచదరపు గొట్టము - ఏటవాలు అతుకు

మీ తరగతి గదిలో ఇనుపకాళ్ల బల్ల ఉన్నచో దానిని ఒకమారు తలక్రిందులుగా త్రిప్పి మూలలను పరిశీలింపుడు. రెండు నలుచదరపు గొట్టములు లంబముగా కలిసికొను చోట, పటము కట్టిన చట్రపు మూలలో వలెనే, లోపలి మూల నుండి వెలుపలి మూలకు ఒక ఏటవాలు గీత కనబడును. ఆ గీత వెంబడి, కరగి మరల గట్టిపడిన లోహము రంగు క్రింద ఉబ్బెత్తుగా వ్రేలికి తగులును. గీత సరిగా మూల నుండి మూలకు పోయినచో కోసినవాడు నేర్పరి. అట్లు గాక ప్రక్కకు జారి, సందును పూడ్చుటకై లోహము కుప్పగా పోయబడినచో ఆ బల్ల నాలుగు కాళ్లును ఒకేసారి నేలను తాకుట అరుదు.

ఈ చిన్న గీతకు పెద్ద చరిత్రయే కలదు. అసలు గొట్టమనగానే మనకు గుండ్రని వస్తువే తోచును. వెదురు గుండ్రము, తామరతూడు గుండ్రము, తుపాకి గొట్టము గుండ్రము. మరి నలుపలకల గొట్టము ఎందుకు పుట్టినట్లు? బలము కొరకు అని పలువురు జవాబు చెప్పుదురు. అది సరియైన జవాబు కాదు. ఎందుకు కాదో లెక్క వేసి చూపవచ్చును, కాని ముందుగా కథ.

ఇనుప గొట్టములను చౌకగా, పొడవుగా చేయు విద్య 19వ శతాబ్దిలో అబ్బినది. 1825లో ఇంగ్లండునందు కార్నీలియస్ వైట్‌హౌస్ అనునతడు ఒక పద్ధతికి పేటెంటు పొందెను. ఇనుప పట్టీని ఎఱ్ఱగా కాల్చి, గంట ఆకారము గల రంధ్రము గుండ లాగినచో అంచులు రెండును ఒకదానికొకటి ఒత్తుకొని అతుకుకొనును. ఆ గొట్టములు వీథి దీపములకు గ్యాసు మోయుటకు పనికివచ్చినవి. తరువాత 1880వ దశకములో జర్మనీ యందు మానెస్‌మాన్ సోదరులు అసలు అతుకే లేని గొట్టమును చేసిరి. కొంచెము ఏటవాలుగా అమర్చిన రెండు రోలర్ల నడుమ ఎఱ్ఱని ఉక్కు కడ్డీని త్రిప్పుచు నొక్కినచో దాని నడిమి భాగము తనంతట విచ్చుకొనును. ఆ విచ్చుకొను చోట ఒక మొన నుంచినచో కడ్డీ గొట్టమగును. ఈ రెండు పద్ధతుల యందును పుట్టునది గుండ్రని గొట్టమే.

చదరపు గొట్టముతో మానవుడు చేసిన మొదటి గొప్ప సాహసము ఒక వంతెన. వేల్స్ దేశమందలి మెనై జలసంధిపై రైలును దాటించుటకు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఒక విచిత్రమైన ఆలోచన చేసెను. రైలు గొట్టము మీద గాక గొట్టము లోపల పోవలెను. ఆ గొట్టము ఎట్లుండవలెను? 1845లో విలియం ఫెయిర్‌బెయిర్న్ లండను సమీపమున మిల్‌వాల్‌లో చేతయినుప రేకులతో గుండ్రనివి, దీర్ఘవృత్తాకారములు, దీర్ఘచతురస్రాకారములు అగు నమూనాలను చేయించి, ఒక్కొక్కదానిని విరుగువరకు బరువులతో పరీక్షించెను. గణిత భాగమును ఈటన్ హాడ్జ్‌కిన్‌సన్ చూచుకొనెను. అందరును ఎదురు చూచినది గొట్టము అడుగుభాగము సాగి తెగునని. జరిగినది వేరు. పైభాగపు రేకు, అరచేతిలో నలిపిన కాగితము వలె, ముందుగా ముడుచుకొని పోయినది. పలుచని రేకు లాగుడునకు ఓర్చినంతగా ఒత్తిడికి ఓర్చదని ఇంజనీర్లు ప్రత్యక్షముగా నేర్చుకొన్నది అచ్చటనే. దీర్ఘచతురస్రపు గొట్టము తక్కిన రెండింటిని మించినది. పైకప్పును చిన్న చిన్న గదులుగా చేసి బలపరచి, 460 అడుగుల నడిమి అంకణములతో బ్రిటానియా వంతెనను కట్టిరి. అది 1850 మార్చి 5వ తేదీన ప్రారంభమైనది. దాని చెల్లెలి వంటిదగు కాన్వే వంతెనపై రైళ్లు అంతకు రెండేండ్ల ముందే నడచినవి, నేటికిని నడచుచున్నవి. బ్రిటానియాకు మాత్రము ఆ భాగ్యము లేకపోయినది. 1970 మే 23వ తేదీ రాత్రి కొందరు బాలురు దివిటీతో గొట్టము లోనికి దూరగా కప్పునందలి కొయ్యకు నిప్పంటుకొని, ఆ వేడిమికి ఇనుము క్రుంగినది. ఆ స్తంభముల మీదనే, క్రింద కమానుల ఆధారముతో, వంతెనను తిరిగి కట్టిరి.

ఈ వంతెనలలో అతుకులన్నియు రివెట్లే. రేకుకు రేకు తొడిగి, రంధ్రము చేసి, ఎఱ్ఱని మేకును దిగగొట్టుట. 1890లో స్కాట్లండున ప్రారంభమైన ఫోర్తు వంతెన యందు ఒత్తిడిని మోయు గొట్టములు 12 అడుగుల వ్యాసము గల మహాకాయములు. అవియు వంచిన రేకులను రివెట్లతో కూర్చినవే. మనిషి లోపల నడువగల గొట్టమునకు రివెటు కొట్టవచ్చును. బల్లకాలంత సన్నని గొట్టములో చేయి పెట్టి రివెటు తలను ఆనించి పట్టువాడెవడు? కావున సన్నని గొట్టముల అతుకు సమస్య, నిప్పుతో అతికించు విద్య వచ్చువరకు, తెగలేదు.

ఆ విద్య రెండు దారుల వచ్చెను. విద్యుత్తు చాపముతో లోహమును కరగించి అతుకుట రష్యాలో 1880వ దశకమందు మొదలైనది. నికొలాయ్ బెనార్డోస్ కర్బన కడ్డీని వాడెను. నికొలాయ్ స్లవ్యానోవ్ 1888లో కరగి అతుకులో కలియు లోహపు కడ్డీనే వాడి చూపెను. ఆ కడ్డీకి పూత పూసి, కరగిన లోహమును గాలి సోకకుండ కాపాడుట 20వ శతాబ్ది తొలి దశకమున స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బెర్గ్ కనుగొనిన ఉపాయము. రెండవ దారి మంటది. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ విద్యుత్ కొలిమి నుండి కాల్షియం కార్బైడును చౌకగా తీయుటతో ఎసిటిలీను వాయువు అందరికి అందినది. ఆమ్లజనితో కలిపి మండించినచో దాని మంట 3,000 డిగ్రీలకు పైబడిన వేడి నిచ్చునని 1895లో ల షాటెలియే చూపెను. ఫ్రాన్సులో ఫుషే, పికార్ అను ఇరువురు దానిని చేతిలో ఇమిడెడు బ్లోపైపుగా మలచిరి.

మంట చేత బట్టిన మొదటి గొట్టపు పనివారిలో విమానములు కట్టినవారు ముఖ్యులు. మొదటి ప్రపంచ సంగ్రామ కాలపు ఫోకర్ విమానముల దేహము కొయ్య కాదు, సన్నని ఉక్కు గొట్టములను అతికిన పంజరము. ఆ పంజరమే వారికి గుండ్రని గొట్టపు మొండితనమును నేర్పినది.

దానిని మీరును నేర్చుకొనవచ్చును. ఒక కొవ్వొత్తికి కాగితమును బిగువుగా చుట్టి, పదునైన కత్తితో ఏటవాలుగా ఒక్క వ్రేటున కోసి, కాగితమును విప్పి చూడుడు. కోసినది సమతలమే, కొవ్వొత్తి మీది ముఖము దీర్ఘవృత్తమే, కాని విప్పిన కాగితపు అంచు అలవలె లేచి పడును. త్రికోణమితిలోని సైను వక్రము అదియే. ఇది మూల అతుకు. ఇంత మాత్రమునకు రంపము చాలును. ఒక గొట్టము మరియొక దాని నడుమకు వచ్చి తగులునప్పుడు కష్టము మొదలగును. సమానమైన వ్యాసము గల రెండు గొట్టములు లంబముగా తగిలినచో, వచ్చు గొట్టపు కొన చేపనోరు వలె, వ్యాసములో సగము లోతున తొలువబడవలెను. విప్పిన కాగితముపై అది రెండు మూపుల గీత. కోణము మారిన గీత మారును, వ్యాసము మారిన మరల మారును. రంపముతో సాధ్యము గాదు. ఆకురాయితో గంటల తరబడి అరుగదీయవలెను. ఈ బాధ నుండి తప్పించుకొనుటకై రెండవ ప్రపంచ సంగ్రామమునకు ముందు వెనుకల జర్మనీలో మెంగరింగ్‌హౌజెన్ అను ఇంజనీరు గొట్టములను అసలు అతుకుటయే మాని, రంధ్రములు గల ఇనుప బంతులలోనికి మరలతో బిగించు పద్ధతిని కల్పించెను. సమస్యను విప్పలేనప్పుడు ప్రక్క దారిని పోవుటయు ఇంజనీరింగు విద్యయే.

1952లో బ్రిటనునందలి స్టూవర్ట్స్ అండ్ లాయిడ్స్ కంపెనీ చతురస్ర, దీర్ఘచతురస్ర గొట్టములను నిర్మాణములకై సిద్ధపరచినది. చదును ముఖము మీదికి ఏ కోణమున గొట్టము వచ్చి తగిలినను, దాని కొనకు కావలసినది ఒకే ఒక తిన్నని కోత. ఇదియే దాని పుట్టుక రహస్యము.

ఇక వాగ్దానము చేసిన లెక్క. ఒకే పొడవు, ఒకే గోడ మందము, ఒకే చుట్టుకొలత, అనగా ఒకే బరువు గల ఉక్కుతో ఒక గుండ్రని గొట్టమును, ఒక చదరపు గొట్టమును చేసితిమనుకొందము. చుట్టుకొలత సమానమైనప్పుడు వృత్తమే ఎక్కువ వైశాల్యమును చుట్టుననుట మీరు ఎరిగినదే. చతురస్రము చుట్టు వైశాల్యము దానిలో π/4, అనగా 0.785 వంతు. పలుచని గొట్టము మెలికి ఓర్చు శక్తి ఆ వైశాల్యపు వర్గము ననుసరించి ఉండును గనుక చదరపు గొట్టపు బిగువు 0.617 వంతునకు దిగును. నూటికి 38 పాళ్లు నష్టము! వంపునకు ఎదురు నిలుచు బిగువులో సుమారు 18 పాళ్లు నష్టము. అయినను ఇంజనీరు చదరపు గొట్టమునే ఎన్నుకొనుట ఏల? గొట్టమున కోల్పోయినదానిని అతుకు వద్ద, కూలిలో, కాలములో, నిశ్చయతలో తిరిగి రాబట్టుకొనెను. మన పాఠ్య గ్రంథములు దూలముల బలమును గూర్చి అధ్యాయములు వ్రాసి, అతుకులకు పుట చివర రెండు పంక్తులు కేటాయించుట నాకు ఎన్నడును నచ్చలేదు. కట్టడములు విరుగునది తరచుగా ఆ రెండు పంక్తుల చోటనే.

ఈ గొట్టము చతురస్రముగా పుట్టదు. పొడవైన ఉక్కు పట్టీని రోలర్లు మెల్లమెల్లగా గుండ్రముగా ముడుచును, అంచులు విద్యుత్తుతో అతుకబడును, ఆ పిమ్మట నాలుగు ప్రక్కల నుండి నాలుగు రోలర్లు నొక్కి దానిని చదరము చేయును. అందుచేతనే దాని మూలలు కత్తివాదరగా ఉండక గుండ్రబడి ఉండును. ఒక ప్రక్క లోపల అతుకు చార కూడ మిగులును. పనివాడు ఈ రెండింటిని లెక్కలోనికి తీసికొనకున్నచో మూలల వద్ద సందు వచ్చును, గీత గీయునప్పుడు మూలమట్టము గుండ్రని అంచుపై దొర్లును. నాలుగు ముఖములకును గీతను త్రిప్పి తెచ్చినప్పుడు అది బయలుదేరిన చోటికే వచ్చి కలియవలెను. కలియనిచో కోయరాదు.

కోణము సంగతి చూతము. రెండు గొట్టముల మధ్య కావలసిన కోణమును సమభాగములు చేసిన రేఖ వెంబడి అతుకు పోవలెను. కాని కోత యంత్రముల మీది కొలబద్ద అడ్డకోతను సున్నగా పెట్టుకొని లెక్కించును. కావున యంత్రమును త్రిప్పవలసినది, 90 నుండి మూలకోణములో సగము తీసివేయగా మిగిలినంత. లంబకోణపు మూలకు సగము 45, మిగిలినదియు 45. రెండును ఒకటే యగుటచే ఎవరును పొరబడరు, సూత్రమును నేర్చుకొనరు కూడ. సమబాహు త్రిభుజపు చట్రము చేయబోయినప్పుడు అసలు రంగు బయటపడును. మూల 60, సగము 30, యంత్రమునకు కావలసినది మాత్రము 60. సగమే గదాయని 30 మీద పెట్టి కోసినవాడు, కొనలు కలిపి చూచుకొనగా 120 డిగ్రీల మూల వచ్చి తెల్లబోవును. షడ్భుజమునకు పనికివచ్చు ముక్కలు త్రిభుజమునకు చేతికి వచ్చినవన్నమాట! ఉపాధ్యాయులు దీనిని అట్ట గొట్టములతో తరగతిలో చేయించినచో పూరక కోణములను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు గొట్టముల వెడల్పులు వేరైనప్పుడు, లోతు మాత్రము సమానమనుకొందము, 45 డిగ్రీల సూత్రము చెల్లదు. 40 మి.మీ., 60 మి.మీ. వెడల్పులు లంబముగా కలియు చోట అతుకు గీత ఆ భుజములు గల దీర్ఘచతురస్రపు కర్ణము. సన్నదానిని సుమారు 56.3 డిగ్రీలు, వెడల్పుదానిని 33.7 డిగ్రీలు త్రిప్పి కోయవలెను. రెండు కోతల పొడవును 72.1 మి.మీ. శుల్బ సూత్రకారులు అగ్నివేదికలకు వాడిన కర్ణ నియమమే ఇచ్చట వెల్డింగు షాపులో పనిచేయుచున్నది.

తప్పు ఎంత చిన్నదైనను ఎట్లు పెరుగునో చూడుడు. నాలుగు మూలల చట్రమునకు ఎనిమిది కోతలు. యంత్రము ప్రతి కోతకును ఒకే వైపునకు అర డిగ్రీ తప్పినచో మూలకు ఒక డిగ్రీ, చట్రమునకు నాలుగు డిగ్రీలు. ఒక డిగ్రీ తప్పు మీటరు పొడవున 17 మి.మీ. దూరమగును. మూడు మూలలు ముచ్చటగా కలిసి నాలుగవది నోరు తెరచుట ఇందువలననే. నేర్పరులు దీనిని ముందే పట్టుకొందురు. పనికిరాని ముక్కను 45 మీద కోసి, తెగిన రెండు ముక్కలలో ఒకదానిని తిరుగవేసి కొనలు చేర్చి, మూలమట్టమును ఆనించి చూతురు. యంత్రపు తప్పు ఎంతయో మూల వద్ద దానికి రెట్టింపు కనబడును. కంటికి ఆనని తప్పును రెట్టించి చూచుకొనుట ఎంత తెలివి!

కోత సరియైనను కథ ముగియదు. ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షలకు 12 వంతులు పెరుగును. చట్రమంతయు సమముగా వేడెక్కి చల్లారినచో చిక్కులేదు. అతుకు వద్ద లోహము 1,500 డిగ్రీల సమీపమునకు పోవును, జానెడు దూరమున చేయి పెట్టుకొనవచ్చును. వేడెక్కిన చోటు పెరుగబోగా చల్లని పొరుగు అడ్డగించును. అది మెత్తనై యుండుటచే తనలో తాను కుదించుకొని, చల్లారునప్పుడు మునుపటి కన్న పొట్టియగును. కావున అతుకు ఏ ప్రక్క వేసితిమో మూల ఆ ప్రక్కకే లాగబడును. లోపలి మూలను ముందుగా నిండ అతికినచో 90 డిగ్రీలు 89 అగుట వింత కాదు. అందుకే ముందుగా నాలుగు మూలలకును చిన్న చిన్న ట్యాకులు మాత్రము వేసి, కర్ణములు రెండును సమానమో కాదో టేపుతో కొలిచి, తరువాత ఎదురెదురు మూలలను మార్చి మార్చి అతుకుదురు. గోడ మందము 2 మి.మీ.కు లోపైనప్పుడు సందు ఉన్నచో ఇంకొక ఆపద కలదు. చాపము ఆ సందు అంచులను తినివేసి రంధ్రము చేయును. 1941లో అమెరికాలో రస్సెల్ మెరిడిత్ కనుగొనిన, జడవాయువు కప్పు గల టంగ్‌స్టన్ చాపము, ఆ తరువాత 1948లో వచ్చిన తీగ వెల్డింగు పలుచని గోడల పనిని సులభము చేసినవి. కాని సందును అవియు క్షమింపవు.

ఇట్లు అతికిన మూల ఎంత బలమైనది? గొట్టముల అతుకులను గూర్చి మొదటి లెక్కలు 1951లో జర్మనీ యందు యామ్ అనునతడు గుండ్రని గొట్టములకై ఇచ్చెను. 1962లో గొట్టముల తయారీదారులు సిడెక్ట్ అను అంతర్జాతీయ సంఘముగా ఏర్పడి పరిశోధనలకు ధనమిచ్చిరి. కార్ల్స్‌రూహె, డెల్ఫ్ట్ మొదలగు చోట్ల వందలకొలది అతుకులను విరుగగొట్టి చూచిరి. ఏటవాలు మూలను గూర్చి తేలినది ఆలోచింపదగినది. చట్రము వంగి మూల మూసికొనబోవునప్పుడు లోపలి గోడలో ఒత్తిడి, వెలుపలి గోడలో లాగుడు పుట్టును. మూల వద్ద ఈ రెండు బలములును హఠాత్తుగా 90 డిగ్రీలు తిరుగవలెను. లోమూల బయటికి, వెలిమూల లోపలికి నెట్టుకొనుచుండగా ఆ పోరు అతుకు గీత వెంబడియే జరుగును. అచ్చట ఉన్నది బోలు. పలుచని గోడలు ఉబ్బియో క్రుంగియో లొంగును. అందుచే పెద్ద బరువుల చట్రములలో రెండు ముఖముల నడుమ ఒక ఉక్కు పలకను ఇరికించి ఇరువైపుల అతుకుదురు. దాని మందము గోడ మందమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గరాదు. మూల లంబకోణము కన్న విప్పారినదైన కొద్ది బలము తిరుగవలసిన మలుపు తగ్గును గనుక పలక లేకయే మూల బాగుగ నిలుచును. బల్లకాలికి ఇది పట్టదు. గోదాము కప్పుకు పట్టును.

అతుకు చిన్నది గదాయని అలక్ష్యము చేయుట ఎంతకు వచ్చునో 1980 మార్చి 27వ తేదీన ఉత్తర సముద్రమున ప్రపంచము చూచెను. అలల తాకిడి గుండ్రని వాటిపై తక్కువగుటచే సముద్రపు కట్టడములకు నేటికిని గుండ్రని గొట్టములనే వాడుదురు. నార్వే దేశపు అలెగ్జాండర్ కీలాండ్ అను తేలు వేదిక అట్టి గొట్టముల మీద నిలిచినది. దాని అడ్డుగొట్టములలో ఒకదానికి, ధ్వనిని గ్రహించు పరికరమును నిలుపుటకై, ఒక చిన్న ఆధారమును 6 మి.మీ. అతుకుతో తగిలించిరి. ఆ అతుకు నాసిగా ఉండెను. దానినుండి మొదలైన బీట అలల ఊపునకు పెరిగి పెరిగి అడ్డుగొట్టమును తెంపినది. పిమ్మట తక్కినవి తెగి, కాలొకటి ఊడిపోయి, వేదిక తలక్రిందులైనది. అందున్న 212 మందిలో 123 మంది మరణించిరి. భారమును మోయుటకు ఉద్దేశింపబడని అతుకు అది. లోహమునకు మన ఉద్దేశములతో పనిలేదు.

మన దేశమున నిర్మాణములకు వాడు చతురస్ర, దీర్ఘచతురస్ర గొట్టముల కొలతలు, పరీక్షలు భారత ప్రమాణము 4923లో కలవు. అది 1997లో సవరింపబడినది. నేడు పెద్ద కర్మాగారములలో లేజరు కిరణము, గణకయంత్రము చెప్పిన గీత వెంబడి, చేపనోటినైనను క్షణములలో కోయగలదు. గుండ్రని గొట్టమునకు శతాబ్దముగా ఉన్న లోటు అచ్చట తీరినట్లే. అయినను మన ఊళ్ల బజారులలో కిటికీ చువ్వల చట్రములు, గేట్లు, బడి బల్లలు చేయు షాపులలో గోడకు ఆనించి ఉండునవి నలుచదరపు గొట్టములే. అచ్చటి పనిముట్లు ఒక కోత యంత్రము, ఒక మూలమట్టము, ఒక సుద్దముక్క.